బీజ కుర్చీ

దాలయ్య చేసిన పనిని చిన్నంనాయుడు చచ్చేదాకా మరిచిపోడు. పరాయివాడు ముంచితే తిట్టుకుని ఊరుకోవచ్చు. దాలయ్య సొంత చెల్లెలి మొగుడు.

అది 2071. ఎవరి చెవిలో వాళ్ల వినోదం మోగుతున్న కాలం. రాజాంలో పక్కవాళ్లతో కలిసి నవ్వడం జనం ఎప్పుడో మానేశారు. ఆ జబ్బుకు మందుగా డాక్టర్ రెహానా హాసవాహిని అనే యంత్రాన్ని కనిపెట్టి, ఊరుమ్మడి నాటకశాలలో అమర్చింది. మూడువందల కుర్చీలు, ప్రతి తలదిండులో న్యూరల్ సెన్సర్లు. మొదటి వరస మధ్యలో బీజ కుర్చీ. అందులో కూర్చున్నవాడికి నిజంగా నవ్వొస్తే ఆ తరంగం మిగతా కుర్చీలకు పాకి, అందరిలో నవ్వును రాజేస్తుంది. నటించిన నవ్వును యంత్రం తీసుకోదు.

నాటకశాల ఉన్నది చిన్నంనాయుడి స్థలంలో. తాతలిచ్చిన ఆ నేల తప్ప అతనికి మరేమీ లేదు. అక్కడే పన్నెండు శనివారాలు అతని హాస్య ప్రదర్శనలు పెట్టారు. బీజ కుర్చీ దాలయ్యది.

మెదళ్లతో వ్యవహారం కనుక ప్రతి ఆటకూ ముందు స్థలం యజమాని అనుమతి పలక మీద బొటనవేలు పెట్టాలి. అప్పుడే యంత్రం వెలుగుతుంది. పలక మీద పేజీలకు పేజీలు. చిన్నంనాయుడు ఆరో తరగతితో బడి మానేసినవాడు. చదివి చెప్పమని బావనే అడిగేవాడు.

"పాత సంగతులే బావా. ఏటున్నాది ఇందల? ఏలెట్టేయ్, జనం సూత్తన్నారు" అనేవాడు దాలయ్య.

వేలు పడేది. హాలు దద్దరిల్లేది. చప్పగా ఉన్న జోకులకు కూడా జనం పొట్టలు పట్టుకునేవాళ్లు. తన విద్య ఇన్నేళ్లకు పండిందనుకున్నాడు చిన్నంనాయుడు. నీ మొగుడి చలవేనమ్మా అని చెల్లెలికి చెప్పుకున్నాడు కూడా.

పన్నెండో శనివారం మధ్యాహ్నం రెహానా అతన్ని పిలిచి తెర మీద గ్రాఫ్ చూపించింది. ఏ జోకు బాగా పండిందో తేల్చబోతే ఆమెకు వేరే సంగతి దొరికింది.

"దాలయ్యగారి నవ్వు మీ జోకులకు వచ్చింది కాదు నాయుడుగారూ. ఆట ఏడింటికి. ఆయన నవ్వు ఆరూ యాభై ఎనిమిదికే మొదలవుతోంది. ప్రతి వారమూ అంతే."

ఆ సమయానికి జరిగేది ఒక్కటే, వేలు పెట్టడం. ఆమె పాత అనుమతులు తెరిచి చదివింది. ప్రతిదానిలో ఎనిమిదో పేజీలో దాలయ్య చొప్పించిన షరతుతో రెండు సెంట్ల నేల అతని పేరున మారింది. పలక మీద పడ్డ ముద్రకు కోర్టులో తిరుగులేదు.

"మరి జనం నవ్వింది?"

"ఆ నవ్వే వాళ్లకూ పాకింది. నవ్వు నిజమా కాదా అన్నదే నా యంత్రం చూస్తుంది. దేనికని అడగదు."

ఆ సాయంత్రం దాలయ్య పలక పట్టుకొచ్చాడు. చిన్నంనాయుడు చేతులు కట్టుకుని అతన్ని దాటి వేదిక ఎక్కాడు. జోకులు చెప్పలేదు. తన బావ ఏం చదివాడో, తాను ఎక్కడ వేలు పెట్టాడో వారం వారంగా చెప్పాడు. మూడో వారానికి ఎవరో కిసుక్కుమన్నారు. ఐదో వారానికి హాలంతా ఊగిపోయింది. ఇంకోపాలి సెప్పు నాయుడా, ఆ ఏలెట్టిన కాడ సెప్పు, అని వెనక నుంచి అడిగారు. రెండో వరసలో చెల్లెలు కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నవ్వుతోంది.

చిన్నంనాయుడు వేదిక తెర పక్కన నిలబడ్డ రెహానా వైపు తిరిగాడు.

"ఆపమ్మా దాన్ని. నీకు దణ్ణం పెడతాను."

రెహానా తల దించుకుంది. "మీరు వేలు పెట్టలేదు కదా నాయుడుగారూ. అది వెలగనే లేదు."

పదకొండు శనివారాలకు అతనికి పోయింది ఇరవై రెండు సెంట్లు.