మీ అమ్మాయి గురించి మాట్లాడాలి

బడి మానేసిన పిల్లల్ని వెనక్కి తేవడానికి వన్ టౌన్‌లోని ఓ మునిసిపల్ బడి గొప్ప పని చేసింది. రోజూ బడికొచ్చే పిల్లల చేత కూడా క్లాసులు మాన్పించి, రోజంతా ర్యాలీ తీయించింది. ఎండలో అరిచి అరిచి గొంతులు పోయాయి గానీ, ఒక్క పిల్లా తిరిగి రాలేదు.

దాంతో కొత్తగా చేరిన విద్యా వాలంటీర్ తౌసిఫ్‌ని ఇళ్లమీదికి తోలారు. ఏడో తరగతి వజీరా ఈ వారంలో రాకపోతే హాజరు చాలక పరీక్షకి కూర్చోనివ్వరు. తౌసిఫ్ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఆ పిల్ల నాన్న, వడ్రంగి ఇస్సాక్ గుమ్మంలో నిలబడ్డాడు.

"మీ అమ్మాయి గురించి మాట్లాడాలండీ."

ఇస్సాక్‌కి ఇద్దరమ్మాయిలు. ఇస్త్రీ చొక్కా కుర్రాడు ఎవరి గురించి వస్తాడో ఆయనకి ఇంకొకరు చెప్పాలా? షర్బత్ కలపమని పెద్దమ్మాయి నుస్రత్‌ని కేకేశాడు.

"చెప్పు బాబూ."

"అమ్మాయిని మా దగ్గరికి పంపండి. బట్టలు మేమే కుట్టిస్తాం. మధ్యాహ్నం భోజనం కూడా మాదే."

"మరి రాత్రికో?"

"సాయంత్రం నాలుగింటికి మీ ఇంటికే పంపేస్తాం కదండీ!"

"రోజూనా?"

"ఆదివారాలు అసలు రానే అక్కర్లేదు."

ఇస్సాక్ చేతిలో ఉలి జారిపడింది. పరదా వెనక పకపకా నవ్వు.

"అబ్బాజాన్! ఆయన బడి మాస్టారు. వజీరా కోసం వచ్చారు," అంటూ నుస్రత్ గ్లాసుతో బయటికొచ్చింది. ఆ కళ్లు చూసి తౌసిఫ్ తన స్పీచ్‌లో సగం మర్చిపోయాడు. మిగతా సగం ఆమె చెప్పనివ్వలేదు.

"మాస్టారూ, మీ బడిలో ఆడపిల్లల బాత్రూముకి తలుపుందా?"

"పై ఆఫీసుకి రాశామండీ."

"ఏమొచ్చింది?"

"బ్యానర్ వచ్చింది." తౌసిఫ్ గొంతు తగ్గింది. "ఆడపిల్లను చదివిద్దాం అని."

"అది అడ్డం పెట్టుకుని వెళ్లాలా మా చెల్లి? పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా కూర్చుని కడుపునొప్పి తెచ్చుకుంది. అబ్బాకి చెప్పాలంటే సిగ్గు. నేనూ అలాగే మానేశాను. అప్పుడు మా ఇంటికి ఏ ఇస్త్రీ చొక్కా రాలేదేం?"

తౌసిఫ్ ముఖం చిన్నబోయింది. ఇస్సాక్ ముఖం అంతకన్నా చిన్నబోయింది.

"మీకు చదువు అబ్బలేదనుకున్నానమ్మా. ఊరందరికీ తలుపులు చేసేవాణ్ణి, నాతో ఒక్క మాట అనొద్దూ?" అంటూ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

మర్నాడే బడికెళ్లి తలుపు బిగించి వచ్చాడు. ఆ మరుసటి రోజు వజీరా చెయ్యి పట్టుకుని నుస్రత్ వచ్చింది. చెల్లి క్లాసులోకి పోయినా అక్క మాత్రం వరండాలోంచి కదల్లేదు. వాన మొదలైందని వంక.

"మాస్టారూ, నాకూ సీటుందా?"

"మీరు ప్రైవేటుగా పదో తరగతి కట్టొచ్చండీ. పాఠాలు నేను చెప్తా." ఓ క్షణం తడబడి, ఉన్నదున్నట్టు చెప్పేశాడు. "మీరంటే నాకు ఇష్టం. మా అమ్మని తీసుకుని మీ ఇంటికి వస్తాను."

నుస్రత్ వాన వైపు తిరిగి నవ్వుకుంది. గొంతులో మాత్రం ఆ నవ్వు తెలియనివ్వలేదు.

"రిజల్ట్స్ వచ్చాక రండి."

"ఒకవేళ ఫెయిలైతే?"

"పాఠం చెప్పడం చేతకాని మాస్టారికి పిల్లనెవరిస్తారండీ?"