పంతొమ్మిదో భాగంలోని గొంతు

గురువారం ఉదయం ఎనిమిదిన్నరకు ఎఫ్ఫత్ రొట్టెల దుకాణం నుంచి తిరిగి వచ్చి, గులకరాళ్ల మీద కాల్చిన వేడి సంగక్ రొట్టెను బల్ల మీద పరిచి, దాని అడుగున అంటుకున్న రాళ్లను ఒక్కొక్కటిగా తీసి పళ్లెంలో వేస్తోంది. ఒక్క రాయి మిగిలినా తర్లాన్ పంటి కిందికే వస్తుంది. వస్తే వచ్చే గురువారం దాకా ఆ మాటే అంటుంది. అరవై రెండేళ్ల ఎఫ్ఫత్ ఒంటరిగా ఉండే ఆ ఇంటికి వారం వారం వచ్చే మనిషి ఒక్కతే, చనిపోయిన అక్క కూతురు తర్లాన్. కరజ్‌లో మందుల దుకాణంలో పనిచేసే ఆమె, సెలవు రోజున మెట్రో ఎక్కి టెహ్రాన్ వస్తుంది.

వచ్చాక ఏం జరుగుతుందో ఎఫ్ఫత్‌కు వరుస తప్పకుండా తెలుసు. తర్లాన్ టీ తాగుతుంది. కరజ్ చలిని తిడుతుంది. తరువాత ఫోనును చక్కెర గిన్నెకు ఆనించి, ముప్పై నాలుగేళ్ల నాటి కార్టూన్ ఒకటి పెట్టుకుంటుంది. తల్లిని వెతుక్కుంటూ కొండలు దాటే దార్చీన్ అనే గుర్రప్పిల్ల కథ అది. యుద్ధం జరుగుతున్న ఏడాది సోమవారం సాయంత్రం ఐదు గంటలకు, కరెంటు ఉన్న ప్రతి ఇంట్లోనూ పిల్లలు దానికోసం కూర్చునేవారు. గుర్రప్పిల్లకు గొంతు ఇచ్చింది తర్లాన్ తల్లి మీమనత్. ఇరవై ఆరు భాగాల్లో తర్లాన్ చూసేది పంతొమ్మిదోది ఒక్కటే. చూసి ఏడుస్తుంది, ముఖం కడుక్కుంటుంది, వెళ్లిపోతుంది. ఆ అరగంటా ఎఫ్ఫత్ వంటింట్లో కడిగిన గిన్నెలే మళ్లీ కడుగుతుంది.

ఆ రోజు మాత్రం తర్లాన్ కంటే ముందు ఫోను మోగింది. టెలివిజన్ నుంచి ఎవరో అమ్మాయి. చలికాలపు అతి పొడవైన రాత్రి జరిపే యల్దా పండుగ కోసం పాత పిల్లల కార్యక్రమాల గొంతుల మీద ప్రత్యక్ష ప్రసారం చేస్తున్నామని, దార్చీన్ పంతొమ్మిదో భాగంలోని మంచు సన్నివేశం వేసి, తల్లి గురించి తర్లాన్ చేత మాట్లాడిస్తామని చెప్పింది. మీమనత్ చెల్లెలిగా ఎఫ్ఫత్ కూడా వచ్చి పక్కన కూర్చోవాలని కోరింది. చివరగా, ఇంకో శుభవార్త అన్నట్టుగా, అప్పట్లో శబ్దం రికార్డు చేసిన హొమాయూన్ గారు ఎనభై రెండేళ్ల వయసులో కూడా వస్తానన్నారని చెప్పింది.

ఎఫ్ఫత్ ఫోను పెట్టేసి కుర్చీలో కూర్చుంది. ఆ సన్నివేశానికి గొంతు ఎవరిదో ఈ భూమి మీద ఇప్పుడు ఇద్దరికే తెలుసు. ఒకరు హొమాయూన్. రెండోది తను.

మీమనత్ చెప్పింది మొదటి పదకొండు భాగాలే. మూత్రపిండాల జబ్బు ఆమెను మూడు నెలల్లో తీసుకుపోయింది; అప్పటికామె వయసు ముప్పై ఒకటి, తర్లాన్‌కు నాలుగేళ్లు. కథ మధ్యలో గొంతు మారితే పిల్లలు కనిపెట్టేస్తారని డబ్బింగ్ చేయించే పెద్దాయన భయపడ్డాడు. అదే స్టూడియోలో గొర్రెలకూ, గుంపులకూ, ముసలమ్మలకూ గొంతు ఇస్తూ బతికే చెల్లెలిని పిలిచాడు. గడ్డం మెడకు నొక్కిపెట్టి మాట్లాడితే ఎఫ్ఫత్ గొంతు అచ్చం అక్క గొంతయ్యేది. ఆ పనిలో నైపుణ్యమంటే ఒక్కటే, పని జరిగినట్టు ఎవరికీ తెలియకపోవడం. ఆ కార్టూన్‌కు తెర మీద పేర్లు కూడా వేయలేదు.

ఇంట్లో తల్లి పోయిన పిల్ల వారాల తరబడి ముద్ద ముట్టలేదు. ఒక సోమవారం టీవీలో గుర్రప్పిల్ల మాట్లాడగానే నోరు తెరిచింది. అమ్మమ్మ ఆ నోట్లో అన్నం పెట్టి, మీ అమ్మ అన్నీ ముందే చెప్పి పెట్టి వెళ్లిందని చెప్పింది. ఒక సాయంత్రానికని చెప్పిన మాట అది. కానీ నిలబడాలంటే దాన్ని కాపాడాలి. కాపాడాలంటే పిల్ల ముందు ఎఫ్ఫత్ గొంతెత్తకూడదు. ఆమె నవ్వితే గుర్రప్పిల్ల నవ్వినట్టుండేది. అమ్మమ్మ కనుబొమలు ముడిచేది. అలా ఎఫ్ఫత్ ఇంట్లో తక్కువ మాటలతో, తక్కువ స్వరంతో బతకడం నేర్చుకుంది. తండ్రి మళ్లీ పెళ్లి చేసుకుని మషద్ వెళ్లిపోయాక తర్లాన్‌ను పెంచింది ఆమే. జడలు వేసింది, బడికి పంపింది, జ్వరాలకు మేల్కొంది. దాదాపు మౌనంగానే. పిన్ని మనసు రాయి అని పిల్ల అనుకుంది. అమ్మమ్మ పోయేనాటికి ఆమె చెప్పిన అబద్ధాన్ని సరిదిద్దే వేళ దాటిపోయింది; ఆ మౌనం అలవాటై కూర్చుంది.

తర్లాన్ కొత్త రేగుపండు రంగు తలగుడ్డతో, ఎన్నడూ లేని ఉత్సాహంతో వచ్చింది. టెలివిజన్ వాళ్లు పిలిచారా అని గుమ్మంలోనే అడిగింది. చొక్కా ఏది వేసుకోవాలో, ఏం మాట్లాడాలో రాసి తెచ్చిన కాగితం చూపించింది. రొట్టె తుంచుకుంటూ, ఈసారి రాళ్లు లేవే, ఒంట్లో బాగానే ఉందా అని వేళాకోళమాడింది.

ఎఫ్ఫత్ టీ పోసి, ఆ కార్యక్రమానికి వెళ్లొద్దని చెప్పింది.

"ఎందుకు?"

"వద్దు. ఇంకే భాగమైనా వేసుకోమను. ఆ పంతొమ్మిదోది వద్దు."

తర్లాన్ రొట్టె ముక్క కింద పెట్టింది. ఆ భాగమే ఎందుకు కావాలో పిన్నికి తెలియదా అని అడిగింది. మంచులో తప్పిపోయిన గొర్రెపిల్లను దార్చీన్ ఓదార్చే చోట, 'ఏడవకు, తెల్లారాక దారి కనిపిస్తుంది' అన్న తరువాత 'నా కోడిపిల్లా' అనే మాట ఉంది. గుర్రప్పిల్ల గొర్రెపిల్లను కోడిపిల్లా అని ఎందుకు పిలుస్తుంది? ఆ మాట రచయిత రాసింది కాదు. ఇంట్లో తల్లి తనను పిలిచే పిలుపు అది. తాను చనిపోతానని తెలిసి తల్లి తన కోసం ఆ మాటను అక్కడ దాచి వెళ్లింది. ఈ సంగతి దేశమంతటికీ చెప్పాలని ముప్పై ఏళ్లుగా ఎదురుచూస్తోంది.

"వెళ్లొద్దంటున్నానుగా తల్లీ."

"కారణం చెప్పవు. ఎప్పుడు చెప్పావు గనుక? ఒకటడుగుతా, తప్పుగా అనుకోకు పిన్నీ. నీకు కుళ్లా?"

ఎఫ్ఫత్ పళ్లెంలోని గులకరాళ్లను ఒక పక్కకు జరిపింది.

"అమ్మ గొంతు దేశమంతా గుర్తుపెట్టుకుంది. నువ్వు జీవితమంతా గొర్రెల గుంపులో అరిచావు. అదేగా నీ బాధ? ముప్పై నాలుగేళ్లలో నాతో నువ్వు మాట్లాడినదంతా కలిపితే ఆ ఒక్క భాగమంత ఉండదు. నాకున్నది ఆ గొంతొకటే. దాన్ని కూడా ఓర్చుకోలేవా?"

ఎఫ్ఫత్ రెండు దారులనూ తూచి చూసుకుంది. ఇప్పుడు చెబితే ఈ పిల్లకు తల్లి గొంతు లేకుండా పోతుంది. చెప్పకపోతే, దేశమంతా చూస్తుండగా, ఒక ముసలాయన ఎంతో మంచితనంతో ఆమెను సరిదిద్దుతాడు. ఏ నొప్పి తక్కువో తేల్చడానికి ఎక్కువసేపు పట్టలేదు. తేల్చుకున్నదాన్ని నోటితో అనడానికే పట్టింది.

"మీ అమ్మ పోయింది ఏ నెలలో?"

"ఆబాన్ తొమ్మిది. అదెందుకిప్పుడు?"

"పంతొమ్మిదో భాగం చెప్పింది దెయ్ నెలలో, ఆమె పోయిన రెండు నెలలకు. ఆ రోజు మంచు. స్టూడియోలో పొయ్యి వెలగలేదు, కోటు తీయకుండానే నిలబడి చెప్పాను."

తర్లాన్‌కు అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. 'చెప్పాను' అన్న మాటను తనలో తానే రెండుసార్లు అనుకుంది. తరువాత కోపం మానేసి, చిన్నపిల్లలా నిదానంగా, అబద్ధం కదూ అని అడిగింది.

ఎఫ్ఫత్ కుర్చీలోంచి లేచింది. గడ్డం మెడకు నొక్కిపెట్టింది. వంటింటి బల్లకు ఆనుకుని, ఇంకెప్పుడూ చేయకూడదనుకున్న పని చేసింది.

"ఏడవకు. తెల్లారాక దారి కనిపిస్తుంది, నా కోడిపిల్లా."

గొంతు అరవై రెండేళ్లది, అంచుల్లో చిరిగింది. అయినా అదే గొంతు. తర్లాన్ రెండు చేతులతో చెవులు మూసుకుంది.

ఆ మాట అక్కడికెలా వచ్చిందో ఎఫ్ఫత్ దాచకుండా చెప్పింది. కాగితం మీది వాక్యం అయిపోయినా తెర మీద గుర్రప్పిల్ల పెదాలు ఇంకా నాలుగుసార్లు కదులుతాయి. అలాంటి ఖాళీని ఏదో ఒక మాటతో పూడ్చడం ఆ వృత్తిలో రోజూ ఉండేదే. ఆ రోజు ఆమెకు ఆ మాట ఒక్కటే తోచింది. అక్క పోయాక ఇంట్లో ఎవరూ ఆ పిలుపు పలకలేకపోయారు. తన సొంత గొంతుతో తానూ పలకలేకపోయింది. అక్క గొంతు తొడుక్కుని, చీకటిగదిలో, ఐదింటికి ఇంట్లో ఎవరు వింటారో తెలిసి పలికింది. హొమాయూన్ రికార్డు ఆపి, కాగితంలో లేని మాట కదమ్మా అన్నాడు. ఉండనీయండి అంది. ఆయన ఉండనిచ్చాడు.

తర్లాన్ లేచి వసారాలోకి వెళ్లి నిలబడింది. ఎదురింటి పెరట్లో ఆకులు రాలిన చెట్టుకు ఖోర్మాలు అనే నారింజ రంగు పళ్లు వేలాడుతున్నాయి. ఎఫ్ఫత్ వెంట వెళ్లలేదు. ఓదార్చే హక్కు తనకుందో లేదో ఆమెకు తెలియలేదు. టీ చల్లారింది. పారబోసి మళ్లీ పోసింది.

చాలాసేపటికి తర్లాన్ లోపలికి వచ్చి, తల్లివి ఏ భాగాలని అడిగింది. మొదటి పదకొండు అని ఎఫ్ఫత్ చెప్పింది. అవి ఎప్పుడూ ఆ ఫోనులోనే ఉన్నాయి. వాటిలో గుర్రప్పిల్ల ఇంకా తల్లి దగ్గరే ఉంటుంది, అల్లరి చేస్తుంది, తేనెటీగలను రెచ్చగొడుతుంది. ఏడవడానికి వాటిలో ఏమీ లేదు గనుక తర్లాన్ వాటిని దాటేసేది. ఇప్పుడు మూడోది పెట్టింది. బురదలో జారిపడి గుర్రప్పిల్ల నవ్వింది. నవ్వు మొదలయ్యే ముందు ముక్కుతో చిన్నగా గాలి పీల్చుకున్న చప్పుడు వినిపించింది. అది పిల్లల నవ్వు కాదు, పిల్లల నవ్వు నవ్వుతూ తనలో తాను సరదా పడుతున్న ఒక ఆడదాని నవ్వు.

"ఇదెవరు?" అంది తర్లాన్. అడిగిన తరువాత తానేమడిగిందో ఆమెకే తెలిసి, మళ్లీ మొదటి నుంచి పెట్టింది. నాలుగోసారికి కళ్లు తుడుచుకుంటూ, "నాకంటే చిన్నది," అంది. "నేను ముప్పై ఎనిమిది. ఈవిడ నాకంటే ఎంత చిన్నది పిన్నీ. ఎంత సంతోషంగా ఉంది."

"ఉండేది. ఆ గాలి పీల్చడం నాకెప్పుడూ పట్టుబడలేదు. అందుకే నా భాగాల్లో దార్చీన్ నవ్వదు. నవ్వే చోట్లు మార్చి రాయించుకున్నాను."

తర్లాన్ ఫోనును బోర్లా పెట్టింది. రాసి తెచ్చిన కాగితాన్ని చింపలేదు. మడిచి సంచిలో వేసుకుంది. టెలివిజన్ వాళ్లకు తానే ఫోను చేసి, మూడో భాగం వేయమంటానని, దాని కింద అమ్మ పేరు వేయమంటానని చెప్పింది. పంతొమ్మిదో దాని కింద ఏ పేరు వేయాలో వాళ్లడిగితే ఏం చెప్పమంటావని అడిగింది. ఏ పేరూ వద్దని ఎఫ్ఫత్ అంది. అది నువ్వు తేల్చే సంగతి కాదని తర్లాన్ అంది. ఆ మాట గట్టిగానే ఉంది, కానీ అందులో పాత పదును లేదు.

ఎఫ్ఫత్ మళ్లీ కుర్చీలో కూర్చుంది. ఆ ఇంట్లో మౌనం కొత్త కాదు, కానీ ఈసారి దాన్ని కాపాడాల్సిన పని ఎవరికీ లేదు.

"ఇన్నేళ్లు నువ్వు నాతో మాట్లాడనిది దీనికోసమేనా?" అని తర్లాన్ అడిగింది.

"మాట్లాడితే తెలిసిపోతుందని. తరువాత్తరువాత..." ఎఫ్ఫత్ ఆగింది. "తరువాత ఎలా మాట్లాడాలో మర్చిపోయాను. నా గొంతు ఎలా ఉంటుందో నాకే తెలీదు తర్లాన్. ఎవరూ అడగలేదు."

తర్లాన్ లేచి వచ్చి పిన్ని పాదాల దగ్గర తివాచీ మీద కూర్చుంది. తల ఆమె మోకాలికి ఆనించింది. ఎఫ్ఫత్ చెయ్యి కొంతసేపు గాలిలోనే ఉండి, ఆ తరువాత ఆ జుట్టు మీద దిగింది.

"ఆ రోజు చెప్పు."

"ఏ రోజు?"

"మంచు పడిన రోజు. స్టూడియో నుంచి ఇంటికెలా వచ్చావు?"

"అందులో చెప్పడానికేముంది?"

"ఏమున్నా సరే. నాకు మెట్రో టైమవుతోంది, కానీ నేను పోను."

ఎఫ్ఫత్ గొంతు సవరించుకుంది. మొదటి మాట బొంగురుగా వచ్చింది, రెండోది అసలు రాలేదు. తర్లాన్ తొందరపెట్టలేదు. మళ్లీ మొదలుపెట్టి, బస్సులు తిరగలేదని, వలీఅస్ర్ వీధి పొడవునా నడిచి వచ్చానని, బూటులోకి నీళ్లు దిగాయని చెప్పింది. కుడి బూటు, అని సరిదిద్దుకుంది. దారిలో ఒక కొట్టువాడు లోపలికి పిలిచి టీ ఇచ్చాడని, వాడి కూతురు గుర్రప్పిల్లకు తల్లి ఇంకా దొరకలేదా అని వచ్చినవాళ్లందరినీ అడుగుతూ తననూ అడిగిందని, తానెవరో చెప్పలేదని చెబుతూ, ఆ పిల్ల అడిగిన తీరు చూపించబోయి ఒక్కసారిగా నవ్వింది. ఆ నవ్వు అక్కది కాదు, గుర్రప్పిల్లదీ కాదు. కాస్త గరగరమంటూ, మధ్యలో తెగుతూ, అలవాటు లేని నవ్వు. తర్లాన్ ఆ నవ్వును జీవితంలో మొదటిసారి విని, తల ఎత్తి ఆమె ముఖంలోకి చూసింది.

"తరువాత?" అంది.