గీతలు మాసే వేళ

మా ఆఫీసు గోడకి మూడు గడియారాలున్నాయి, మూడూ ఏనాడూ ఒక్కమాట మీద ఉండవు. వాటి కింద కూర్చుని మేం జనం వాడే కాలం మాటల్ని కంప్యూటర్‌కి నేర్పుతాం. ఏ వేళయినా ఇన్నింటికి మొదలు, ఇన్నింటికి ముగింపు అని అంకె వేస్తే గానీ అది లోపలికి రానివ్వదు.

ఆ సాయంత్రం మా అమ్మమ్మ మాట దగ్గర చిక్కొచ్చింది. గీతలు మాసే వేళ. అరచేతి గీతలు కనపడనప్పుడు మొదలై, ఎవరికి వాళ్లు తమ చేత్తో దీపం వెలిగించినప్పుడు ముగుస్తుంది. ఈలోపు ఎవరు పిలిచినా పలకకూడదు. ఆమె పోయాక ఆ మాట తెలిసినదాన్ని నేనొక్కదాన్నే. నాతో పోనివ్వకూడదని నా పట్టు.

"దీపమంటే దీనికి తెలీదక్కా. పొద్దుగూకినప్పట్నుంచి అర్ధగంట అని పెట్టేశా," అన్నాడు పక్క సీటు ప్రోగ్రామరు.

"అర్ధగంటకి దిగిపోవడానికి అదేమన్నా బస్సా?"

"అంకె లేకపోతే మాటే కొట్టెయ్యమని పెద్దసారు వీధి చివర వాళ్లింటినుంచి ఫోన్ చేశారు."

"కొట్టెయ్యను. పెట్టె చిన్నదైతే పెట్టె పెంచుకోమను."

అంతలో కరెంటు పోయింది. వీధి వీధంతా చీకటి. బ్యాటరీ మీద మా స్క్రీన్లు మాత్రం వెలుగుతున్నాయి. తడిసిన గోడ వాసన, దాని వెనకే ఆరిన వత్తి వాసన... చెయ్యి స్క్రీన్‌కి దగ్గరగా పెట్టాను. చర్మం కనపడింది. గీతలు లేవు.

వరండాలో అడుగులు. ఆగాయి.

"నాన్నా... ఒక్కసారి పలకరా..."

ప్రోగ్రామరు లేచాడు. "మా అమ్మ!"

"మీ అమ్మ ఊళ్లో లేదు కదరా," అన్నాను గుసగుసగా.

వాడు స్క్రీన్ చూపించాడు. ఆ వేళ పక్కన 'ముగిసింది' అని ఉంది. "అర్ధగంట అయిపోయిందక్కా. పలకొచ్చు..."

వాడి నోరు గట్టిగా మూశాను.

అవతల గొంతు మారింది. ఈసారి మా అమ్మమ్మది.

"ఆ మాట చెరిపెయ్ తల్లీ... వెళ్లిపోతాను..."

ఒళ్లు మండింది. ఆ మాట తెలిసినవాళ్లు పలకరు. అందుకే ఆ మాట ఎక్కడా మిగలకూడదు, బయట పిలిచేదానికి! తిట్టు నోటిదాకా వచ్చింది, మింగేశాను. అర్ధగంటని కొట్టేసి, ముగింపు దగ్గర 'దీపం' అని కొట్టాను. వద్దంది కంప్యూటర్. ప్రోగ్రామరు అంకె ఉండాలన్న ఆ నియమమే పీకేశాడు. మళ్లీ కొట్టాను. తీసుకుంది.

తలుపు గడియ మెల్లగా పైకి లేస్తోంది...

సొరుగులో కొవ్వొత్తీ అగ్గిపెట్టే దొరికాయి. అగ్గిపుల్ల గీసి వెలిగించాను. గడియ టక్కున పడింది. అడుగులు వెళ్లిపోయాయి, మెట్లు దిగి వీధిలోకి. చావనీ అనుకున్నాను. మాట మాత్రం చావదు.

కాసేపటికి పెద్దసారు ఫోన్.

"అమ్మా... నువ్వు ఆఫీసులోనే ఉన్నావా? ఇప్పుడే నువ్వు పిలిస్తే పలికాను. తలుపు తీశాను. మరి నా ఎదురుగా కూర్చున్నది..."

"సార్, ముందు దీపం పెట్టండి!" అని అరిచాను.

అటునుంచి వచ్చిన జవాబు ఆయనది కాదు.

"దీపం ఎందుకే?" అంది నా గొంతు.