పాత తుపాకీకి కొత్త పాలిష్

"ఇవన్నీ మీవేనా?" కాగితం మీంచి తలెత్తకుండానే అడిగింది ఆ అమ్మాయి.

"నావైతే ఇలా ఉంటానా అండీ!" అని పెద్ద నిట్టూర్పు విడిచాడు రాజ్ కిరణ్.

అప్పుడెత్తింది తల. దోహా జదీదాలోని ఆ టైపింగ్ సెంటర్‌కి వీసా కాగితాల కోసం రోజూ బోలెడుమంది వస్తారు. కానీ చొక్కా నిండా రంపపు పొట్టుతో ఒక తెలుగు కుర్రాడొచ్చి, పదకొండు తుపాకుల లిస్టు చేతిలో పెట్టి "మూడు కాపీలండీ" అనడం ఆమె ఎరగదు.

"రైఫిల్, 1907. రైఫిల్, 1918... ఎవరి మీదకండీ యుద్ధం? పోలీస్ స్టేషన్ పక్క వీధిలోనే ఉంది, తెలుసా?"

"అయ్యో, అవి అబూ సాలెం గారివండీ! లైసెన్స్ ఉంది. మిలిటరీ వాళ్ళు ఎప్పుడో వదిలేసినవి. పెన్షన్ తీసుకున్న తుపాకులనుకోండి. వాటి చెక్క పని నేను చేస్తాను, అంతే."

నవ్వకూడదనుకుంటూనే నవ్వేసింది. ఆ నవ్వు చూసి మనవాడు కాపీల డబ్బులివ్వడం మర్చిపోయి వెళ్ళిపోతుంటే, వెనక్కి పిలిచి మరీ వసూలు చేసింది. పేరు ఫెబి అని బల్ల మీది బోర్డు చూసి తెలుసుకున్నాడు.

రాజ్ కిరణ్‌ది నర్సాపురం. దోహాలో ఒక ఫర్నిచర్ షాపులో కార్పెంటర్. నాలుగేళ్ళ కిందట అబూ సాలెం అనే పెద్దాయన విరిగిన తుపాకీ చెక్కొకటి పట్టుకొచ్చాడు. అది అతికించిన రోజు పట్టుకుంది ఆ పిచ్చి. తనలాంటివాడు ఇక్కడ తుపాకీ కొనడం కలలో మాట. అందుకని ఒక నోటుబుక్కు పెట్టుకుని, ప్రతి తుపాకీ నంబరు మీదా కాగితం వేసి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకునేవాడు. రూమ్‌లో మిగతావాళ్ళు గోడకి సినిమా తారల్ని అంటించుకుంటే, ఇతని మంచం పక్కన రైఫిల్ బొమ్మ.

ఆ శుక్రవారం ఓల్డ్ ఎయిర్‌పోర్ట్‌లో ఒక విల్లాలో తెలుగువాళ్ళ ప్రార్థన జరిగింది. వెళ్ళి చూస్తే ఏముంది, ఫెబి! పక్కన ఎవరో కాదు, తన షాపులోనే పాలిష్ పనిచేసే జక్కయ్య గారు.

"మా అమ్మాయిరా" అన్నారాయన.

షాపులో అందరూ ఆయన్ని "బాబాయ్" అంటారు. రాజ్ కిరణ్ కూడా అప్పటిదాకా అలాగే పిలిచేవాడు. ఆ నిమిషం నుంచి బాబాయ్ అన్న మాట నోటికి రాలేదు. బాబాయ్ కూతురు చెల్లెలవుతుంది మరి! "అలాగా మాస్టారూ" అన్నాడు. ఫెబి కనిపెట్టేసి, పాటల పుస్తకం ముఖానికి అడ్డం పెట్టుకుంది.

ఇక లిస్టులో తప్పులు దొరకడం మొదలైంది. ఒకసారి సంవత్సరం సరిగ్గా కనపడట్లేదన్నాడు. ఇంకోసారి కాగితం మీద టీ ఒలికిందన్నాడు.

"ఈ నెలలో ఇది నాలుగోసారి. మీ తుపాకులేమైనా పిల్లల్ని పెడుతున్నాయా?"

"లేదండీ, ఇంకొకటి రావాలని చూస్తున్నాను."

అంతలో వాన మొదలైంది. దోహాలో వానంటే ఏడాదికి నాలుగు రోజుల చుట్టం. వీధిలో వాళ్ళంతా పని మానేసి చూస్తున్నారు. ఇద్దరూ గుమ్మంలోకొచ్చి నిలబడ్డారు.

"ఏంటా ఇంకొకటి?"

"ఫ్యాక్టరీలో పుట్టినప్పుడు రైఫిల్‌కి నంబరు కొడతారండీ. ఇనుము మీద నాలుగు చోట్ల, చెక్క మీద ఒకచోట. చేతులు మారి మారి ఎక్కడో ఒక ముక్క మారిపోతుంది. అయిదు చోట్లా ఒకే నంబరున్నది ఒక్కటి, ఒక్కటి చూస్తే చాలు."

అతని కళ్ళు అలా మెరిసిపోతుంటే ఫెబికి ఒళ్ళు మండింది. "తుపాకీ గురించి ఇంత చెప్తారు. పక్కన మనిషి తడిసిపోతోందని మాత్రం కనిపించదు" అని విసవిసా లోపలికెళ్ళిపోయింది. మనవాడికి ఆ రాత్రి అన్నం సహించలేదు. అది కోపం కాదని అర్థమయ్యాక అసలే సహించలేదు.

మర్నాడే ధైర్యం చేసి జక్కయ్య గారిని అడిగేశాడు.

"పిల్లాడివి మంచాడివే" అన్నారాయన. "కానీ ఎనిమిది మంచాల రూమ్‌లో పైమంచం మీద పడుకునేవాడికి పిల్లనెలా ఇవ్వమంటావు? ఫ్యామిలీ వీసా వచ్చే జీతం తెచ్చుకో. అప్పుడు మాట్లాడదాం."

అదృష్టం చూడండి, ఆ వారమే అబూ సాలెం కబురు పంపాడు. షహానియాలో ఒంటెల్ని పెంచే పాత కుటుంబం దగ్గర గోనెసంచిలో చుట్టి దొరికిందట. 1916 నాటి రైఫిల్. రాజ్ కిరణ్ ఒక్కో ముక్కా తిప్పి తిప్పి చూశాడు. అయిదు చోట్లా ఒకే నంబరు! కళ్ళు తుడుచుకున్నాడు.

"రోనా మాఫీ" అని ఏడుపు ఆపమన్నాడు అబూ సాలెం నవ్వుతూ. గల్ఫ్ మాటల్లో మాఫీ అంటే క్షమించడం కాదు, 'లేదు, వద్దు' అని. "చెక్క పగిలింది. పగులొక్కటే అతికించు. దాని మురికి, దాని గీతలు, దాని నంబరు, అన్నీ అలాగే ఉండాలి. బాగా చేస్తే నా తుపాకులన్నీ చూసుకునే పని నీదే. ఫ్యామిలీ వీసా భీ దేగా."

ఒక్క చెక్కముక్కలో కలా, పెళ్ళీ రెండూ ఉన్నాయి. గురువారం పగులు అతికించి, బిగించి, షాపులో బల్ల మీద ఆరబెట్టి వెళ్ళాడు. ఇది బాగా కుదిరితే ఫ్యామిలీ వీసా వస్తుందని జక్కయ్య గారికి చెప్పాడు. మురికి అలాగే ఉండాలని, ముట్టుకోవద్దని మాత్రం చెప్పలేదు. మురికి చెక్కని ఎవరు ముట్టుకుంటారులే అనుకున్నాడు.

శనివారం పొద్దున వచ్చి చూస్తే చెక్క తళతళ మెరిసిపోతోంది. ఎర్రటి పాలిష్‌లో ముఖం కనిపిస్తోంది. అడుగు భాగం తిప్పి చూశాడు. నంబరు లేదు. గరుకు కాగితంతో నున్నగా రుద్దేశారు.

షాపు మొత్తానికి అలాంటి పాలిష్ ఒక్కరే పెడతారు. కాబోయే అల్లుడి పనికి తన చెయ్యి కూడా కలిపితే అరబ్బు సంతోషిస్తాడని, సెలవు రోజు వచ్చి మరీ ఆ ముసలాయన కష్టపడ్డాడు. రాజ్ కిరణ్ స్టూలు మీద కూలబడిపోయాడు. ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాలేదు.

అబూ సాలెం వచ్చి చెక్క చూశాడు. నంబరు ఉండాల్సిన చోట వేలితో తడిమాడు.

"కౌన్ కియా?"

ఆ షాపు యజమాని అబూ సాలెం మేనల్లుడే. నిజం చెప్తే సాయంత్రానికి జక్కయ్య గారి వీసా క్యాన్సిల్.

"నేనే బాబా."

"నీకు తెలుసు. తెలిసీ చేశావు. ఖలాస్." చెక్క తీసుకుని వెళ్ళిపోయాడు.

అబూ సాలెం ఇస్తానన్న పని ఎందుకు పోయిందని జక్కయ్య గారు అడిగితే "ఆయన మనసు మారింది" అన్నాడు. "అయితే మాట మాటేరా అబ్బాయ్" అన్నారాయన, పాపం బాధగానే. ఆ సాయంత్రం ఫెబి ఎదురుపడి, "పోట్లాడకుండానే వదిలేశారా? తుపాకీనా, నన్నా?" అని నిలదీసింది. మనవాడు పనుందని తప్పించుకున్నాడు. లోపల మాత్రం ఏడ్చాడు.

మూడోరోజు మధ్యాహ్నం ఫెబి షాపులోకి దూసుకొచ్చింది. కొత్త మనిషి కోసం కాగితం టైప్ చేయించుకోడానికి అబూ సాలెం వాళ్ళ సెంటర్‌కే వచ్చాడట. ఈవిడ ఊరుకుంటుందా! సంగతంతా లాగేసింది. ఎర్రటి పాలిష్ అనగానే అది ఎవరి చేతి పనో తెలిసిపోయింది.

"నాన్నా, ఆ తుపాకీ చెక్కకి పాలిష్ పెట్టింది మీరేగా?"

"నేనే! మెరిసిందా?" అన్నారు జక్కయ్య గారు ఉత్సాహంగా.

"మెరిసింది. దాని మీద నంబరు పోయింది. ఈయనకి రావాల్సిన ఉద్యోగం పోయింది. నేనే చేశానని చెప్పుకున్నాడు ఈ మహానుభావుడు."

జక్కయ్య గారి చేతిలో గుడ్డ జారిపోయింది. "ఎందుకురా అలా చెప్పావు?"

"మీ వీసా పోతుందని..."

"పోతే నాది పోతుంది. నీకేంట్రా?"

రాజ్ కిరణ్ తల గోక్కున్నాడు. "మీరు వెళ్ళిపోతే ఫెబిని కూడా తీసుకెళ్ళిపోతారు కదా మావయ్య గారూ."

"అదా సంగతి!" అంది ఫెబి. "త్యాగం అనుకుని ఇందాకటి నుంచీ దారంతా ఏడ్చుకుంటూ వచ్చాను నేను!" అంటూనే మళ్ళీ కళ్ళు తుడుచుకుంది.

జక్కయ్య గారు చెప్పులేసుకున్నారు. "పదండి ఆ అరబ్బు దగ్గరికి. నా వీసా ఉంటే ఉంటుంది, పోతే పోతుంది. నీకు జీతం పెరిగినా పెరగకపోయినా పిల్లని నీకే ఇస్తున్నాను. ముందు అది విను."

అబూ సాలెం ఇంట్లో అతిథులు కూర్చునే హాలు, మజ్లిస్‌లో, గోడ పొడుగునా తుపాకులు. జక్కయ్య గారు గుమ్మంలోనే నిలబడి, వచ్చీరాని హిందీలో "గల్తీ మేరా. లడ్కా ఝూట్ బోలా, మేరే లియే" అన్నారు. తప్పు తనదని, కుర్రాడు తన కోసమే అబద్ధమాడాడని.

అబూ సాలెం రాజ్ కిరణ్ వైపు తిరిగాడు. "నాలుగేళ్ళు ఆ నంబరు కోసం కలలు కన్నావు. అది పోతే నిజం చెప్పలేదు. ఎందుకు? నీకు తుపాకీ ఎక్కువా, ఈ..."

"ఫెబి" అన్నాడు రాజ్ కిరణ్, ప్రశ్న పూర్తికాక ముందే. గోడ వైపు చూడను కూడా లేదు.

ఫెబి తండ్రి పక్కనుంచి వచ్చి అతని పక్కన నిలబడింది.

ముసలాయన గడ్డం నిమురుకుని నవ్వాడు. "ఇనుము మీద నాలుగు నంబర్లు ఇంకా ఉన్నాయి. శనివారం నుంచి డ్యూటీకి రా. ఇంకోసారి మాత్రం నాతో అబద్ధం మాఫీ." ఆ తర్వాత గహ్వా, అదే అరబ్బు కాఫీ, కప్పు జక్కయ్య గారికి అందిస్తూ, "బైఠో, దుల్హన్ కా బాప్. లేకిన్ ఇక్కడ ఏదీ ముట్టుకోకు" అన్నాడు.

జక్కయ్య గారు గబుక్కున రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నారు. గహ్వా ఎలా తాగాలో తెలియక అల్లుడి వైపు చూశారు. ఫెబి ఆ కప్పు తనే అందుకుని తండ్రి నోటికందించింది, రెండో చేత్తో రాజ్ కిరణ్ చొక్కా అంచు గట్టిగా పట్టుకునే.