ఎండుగొంతు మలుపులో నీళ్ళ బాకీ

హచాల్ ఊరు దాటి కొండల్లోకి పోయే దారిలో ఒక మలుపుంది. ఎండుగొంతు మలుపు అంటారు. పట్టపగలు పోయేవాళ్ళు కూడా అక్కడికి రాగానే మాటలాపేస్తారు. చీకటి పడితే ఇక... ఆగేవాళ్ళే ఉండరు.

ఆగాలంటే చేతిలో నీళ్ళుండాలి.

ఆ మలుపులో దిఫుంతా తల్లి గూడు ఉంది. మోకాలెత్తు ఇటుకల గూడు, దాని చుట్టూ గుట్టలుగా నీళ్ళ సీసాలు. వెనకటికి ఆ తల్లి చంటిబిడ్డని చంకనేసుకుని, మొగుణ్ణి వెతుక్కుంటూ ఈ ఎడారిలో నడిచి నడిచి, గుక్కెడు నీళ్ళు దొరక్క ప్రాణం వదిలింది. ఆవిడ పోయాక కూడా బిడ్డ రొమ్ము పట్టుకుని బతికే ఉన్నాడు. అందుకే మా శాన్ హువాన్ వైపు బండి తోలే ప్రతివాడూ ఆవిడకి ఒక సీసా పెట్టి పోతాడు. దేశం నిండా ఆవిడ గూళ్ళున్నాయి. అన్నిచోట్లా చల్లని తల్లే.

ఈ మలుపులో మాత్రం... ఆవిడ నిద్రపోదట.

ఇంజను మరిగిపోతే ఆ నీళ్ళు తీసుకోవచ్చు. ఆవిడ కాదనదు. కానీ మళ్ళీ తెచ్చి పెట్టాలి. పెట్టనివాడి ఇంట్లో అర్ధరాత్రి నీళ్ళ చప్పుడు వినిపిస్తుందని చెప్పుకుంటారు. ఒట్టి చేతులతో ఆవిడ ముందు బండి ఆపడం ఇంకా పెద్ద తప్పు.

ఇవన్నీ నసరేనోకి తెలుసు. తెలిసీ చేశాడు.

నసరేనో పైన మంచుకొండల్లో గనిలో పనిచేస్తాడు. సగం నెల అక్కడ, సగం నెల ఇంట్లో. ఇంట్లో భార్య నొయేలియా, ఆరేళ్ళ కూతురు డెల్ఫినా. ఆ పిల్ల తండ్రిని పేరు పెట్టి పిలుస్తుంది. అతను గుమ్మంలో అడుగు పెట్టగానే, "అమ్మా, నసరేనో వచ్చాడు" అంటుంది — కరెంటు మీటరు చూసేవాడు వచ్చాడన్నట్టు.

నొయేలియా నవ్వేది. అతనూ నవ్వేవాడు. కానీ కొండ మీద మంచు రాలే రాత్రుళ్ళు, గని వాళ్ళ గదిలో ఇరుకు మంచం మీద పడుకుని, ఆ పిల్ల ఒక్కసారి 'నాన్నా' అంటే ఎలా ఉంటుందో అని ఊహించుకుంటూ నిద్రపోయేవాడు.

అందుకే ఆ ఇంటిబండి కొన్నాడు. పాత బస్సులో మంచాలూ పొయ్యీ పెట్టి ఇల్లుగా చేసుకున్న మోటార్‌హోమ్. ఇంట్లో ఉన్నన్నాళ్ళూ ముగ్గురూ దాంట్లో చెరువుల వెంట, వాగుల వెంట తిరగాలని... ఒకే కప్పు కింద, ఒకే దుప్పటి కింద...

అమ్మిన ముసలాయన డోన్ ఎల్వియో బండి తట్టి చెప్పాడు: "ఇంజను ఎద్దు నాయనా. రేడియేటరే కాస్త తాగుబోతు."

తాగుబోతు తన బుద్ధి చూపించింది. నసరేనో, అతని తమ్ముడు రమీరో కొన్న బండిని ఇంటికి తోలుకొస్తుంటే నడిమధ్యాహ్నం సరిగ్గా ఆ మలుపులోనే ఆవిరి చిమ్ముతూ ఆగిపోయింది. కనుచూపు మేర నీటిచుక్క లేదు. సీసాలు తప్ప.

"అన్నా, అడిగి తీసుకో" అన్నాడు రమీరో గుసగుసగా.

"ఎవర్నడగాలిరా? ఎండనా?" అని నసరేనో సీసాల మూతలు తీసి రేడియేటర్లో గడగడా పోసేశాడు. "ఇంటికెళ్ళగానే రెండింతలు తెచ్చి పెడతాలే."

తేలేదు.

మర్చిపోయాడనలేం. పని అలాంటిది. గని నుంచి దిగిన ప్రతిసారీ పెరట్లో ఆ బండి కిందే ఉండేవాడు. కుళ్ళిన నేలచెక్క పీకి కొత్తది పరిచాడు. కప్పు కారుతుంటే అతుకులన్నీ మూశాడు. రేడియేటరు మార్చాడు. డ్రైవరు నెత్తి మీద ఉన్న గూట్లో డెల్ఫినాకి పడక కట్టాడు, నొయేలియా దానికి పసుప్పచ్చ తెర కుట్టింది. బండి కుదుపులకి గ్లాసులు పడిపోకుండా పైన ఎత్తుగా ఒక అలమర పెట్టి, దానికి గట్టి గడియ బిగించాడు. ఆ గడియ 'టిక్'మని ఊడాలంటే అతని బొటనవేలి బలమే కావాలి. బల్ల కింద చిన్న నీళ్ళ ట్యాంకు, దానికో పంపు — కుళాయి తిప్పితే గుర్రుమంటుంది, కట్టేస్తే ఊరుకుంటుంది.

పిల్ల వంటింటి తలుపు చాటు నుంచి అన్నీ చూసేది. దగ్గరికి మాత్రం వచ్చేది కాదు.

"చూడు బొండాం" అంది నొయేలియా. వెదురుపుల్లలా ఉండే మొగుణ్ణి ఆమె ముద్దుగా అలాగే పిలుస్తుంది. "ఈ ఒక్కసారి వస్తాం. పిల్ల ఒక్క రాత్రి బెదిరినా సరే, బండి అమ్మేస్తున్నాం. దానికసలే నువ్వు కొత్త. మళ్ళీ ఈ ఇనప్పెట్టె కూడానా?"

"బెదరదు" అన్నాడు నసరేనో. గొంతులో మాత్రం ధైర్యం లేదు.

బయల్దేరే రోజు పెరట్లో మాంసం కాల్చుకుని తిన్నారు. రమీరో వైను తాగి బండి మీద చెయ్యేసి, "తల్లి నీళ్ళు తాగిన బండిరా ఇది! అప్పు తీర్చావా అన్నా? తీర్చకపోతే ఆవిడ నిన్నే పట్టుకుపోతుంది!" అని పగలబడి నవ్వాడు.

"నోర్ముయ్యరా" అన్నాడు నసరేనో, నొయేలియా వినలేదు కదా అని చూసుకుంటూ. ఆమె లోపల రొట్టెలు సర్దుతోంది. బల్ల కింద డెల్ఫినా కుక్కతో ఆడుకుంటోంది.

ఆ మలుపు దగ్గరికొచ్చేసరికి పొద్దు వాలుతోంది. సోండా గాలి మొదలైంది — ఒంటినీ బుర్రనీ వేడెక్కించే ఆ పాడుగాలి. దూరంగా సీసాలు మెరిశాయి... వందల కళ్ళు ఒకేసారి తెరుచుకున్నట్టు.

అప్పుడు గుర్తొచ్చింది. ట్యాంకు నిండా నీళ్ళున్నాయి, ఒక్క నీళ్ళ సీసా లేదు. ఒట్టి చేతులతో ఆగకూడదు.

"తల్లికి నీళ్ళు పెట్టవా?" అడిగింది నొయేలియా.

"వచ్చేటప్పుడు... గాలి ముదురుతోంది."

బండి దూసుకుపోయింది. పై గూట్లోంచి డెల్ఫినా వెనక్కి తిరిగి, మలుపు కనుమరుగయ్యేదాకా చూస్తూనే ఉంది.

రొదేయో చెరువు గట్టున ఆపారు. చుక్కలు నీళ్ళలోకి దిగి ఈదుతున్నట్టున్నాయి. తిన్నారు, నవ్వుకున్నారు. పిల్ల భయపడకుండా పై గూట్లోకెక్కి తెర వేసుకుంది. నసరేనో గుండె తేలికైంది. గెలిచానమ్మా అనుకుని కళ్ళు మూశాడు.

ఎప్పుడో మెలకువొచ్చింది.

గాలి ఆగిపోయింది. ఎక్కడా చీమ చిటుక్కుమనడం లేదు...

టిక్.

గ్లాసుల అలమర గడియ.

గుర్ర్ర్...

పంపు. ఒక గ్లాసు నిండడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు. ఆగిపోయింది.

నిద్రమత్తులో, నొయేలియా మంచినీళ్ళకి లేచిందనుకున్నాడు. పక్కకి తిరిగి చెయ్యి చాచాడు.

చేతికి నొయేలియా భుజం తగిలింది. వెచ్చగా, నిద్రలో.

ఆమెని లేపితే — బండి పోతుంది. పిల్ల మళ్ళీ దూరమైపోతుంది. శబ్దం కాకుండా లేచి, చీకట్లో తడుముకుంటూ కుళాయి కింద గిన్నెలు కడిగే తొట్టి దాకా నడిచాడు. ఎవరూ లేరు. పసుప్పచ్చ తెర కదలకుండా వేలాడుతోంది. కానీ కుడి చెంపకి సెగ తగిలింది... పొయ్యి పక్కన నిలబడ్డట్టు. ఎండిన మట్టి వాసన.

బోర్లించి ఉండాల్సిన గ్లాసుల్లో ఒకటి తొట్టి పక్కన నిటారుగా నిలబడి ఉంది. తడిగా. అడుగున చిటికెడు సన్నటి దుమ్ము.

తెల్లారాక బల్ల కింద దూరి పంపూ గొట్టాలూ అన్నీ విప్పి చూశాడు. పంపు దానంతటది తిరిగిందంటే ఎక్కడో కారుతుండాలి. ఎక్కడా చెమ్మ కూడా లేదు.

"ఏం చేస్తున్నావ్ బొండాం, సెలవులకొచ్చి?" అంది నొయేలియా మాతే ఆకుల తేనీరు తాగుతూ.

"పంపుని పలకరిస్తున్నా."

"అది నీతో మాట్లాడితే చెప్పు, నేనింటికెళ్ళిపోతా."

అతను గొట్టాలు మళ్ళీ బిగించడంలో పడ్డాడు.

ఆ రాత్రి పంపు ఒక్కసారితో ఊరుకోలేదు. గుర్రుమంది... ఆగింది... మళ్ళీ గుర్రుమంది. నసరేనో దుప్పటి కొరుక్కుని కట్టెలా పడుకున్నాడు. ఆవిడే వచ్చింది, తన బాకీ తానే వసూలు చేసుకుంటోంది. నీళ్ళైపోయాక...? రమీరో నవ్వు చెవుల్లో మోగింది — నిన్నే పట్టుకుపోతుంది.

పొద్దున చెత్తసంచిలో ఖాళీ సోడా సీసాలు లేవు. గాలికి పోయి ఉంటాయనుకున్నాడు. ట్యాంకులో నీళ్ళు సగానికి దిగాయి.

మర్నాటి రాత్రి కూడా అంతే. ఆ తెల్లారి నొయేలియా కుళాయి తిప్పితే గాలి బుస్సుమంది.

"ఇన్ని నీళ్ళూ ఏమయ్యాయి? పిల్లకి తలైనా కడగలేదే!" ఆమె అతని మొహంలోకి తేరిపార చూసింది. "కళ్ళేంటి అలా గుంటలు పడ్డాయి? ఈ బండిలో ఏదో ఉంది... నా దగ్గర దాస్తున్నావు కదూ?"

"ఏం లేదు. ఇంటికి పోదాం."

బయల్దేరేసరికి సాయంత్రమైంది; ఆ కంగారులో చెరువులో నీళ్ళు ముంచుకోవడం కూడా మరిచాడు. తిరుగు దారిలో చీకటి పడింది. మళ్ళీ సోండా. మలుపు ఇంకా కొంచెం దూరముందనగా ఇంజను వేడి చూపే ముల్లు పైకి లేవడం మొదలెట్టింది. కొత్త రేడియేటరు. కారణమే లేదు. ముల్లు ఎర్రగీత తాకింది, ఆవిరి చిమ్మింది, బండి దానంతటది నెమ్మదించి —

ఇటుకల గూడు ముందు ఆగింది.

ఒట్టి చేతులు. ఒట్టి ట్యాంకు.

నసరేనో స్టీరింగు వదల్లేదు. గాలికి సీసాలు ఒకదానికొకటి తగిలి సన్నగా ఏడుస్తున్నాయి.

"డెల్ఫీ!" నొయేలియా కేక. "డెల్ఫీ ఏదీ?"

పసుప్పచ్చ తెర తెరిచి ఉంది. పక్క ఖాళీ. వెనక తలుపు గాలికి కొట్టుకుంటోంది.

ఎలా దూకాడో అతనికే తెలీదు. చెప్పులు లేవు, కాళ్ళ కింద ముళ్ళు, నోట్లో దుమ్ము. పేరు పెట్టి అరిస్తే గాలి ఆ పేరుని లాక్కుపోతోంది. అప్పుడు వినిపించింది, ఇటుకల గూటి వైపు నుంచి —

టక్... టక్... టక్...

పిల్ల గూటి ముందు గొంతుక్కూర్చుని ఉంది. పక్కన దిండుగలీబు, దాని నిండా సీసాలు. ఒక్కొక్కటీ తీసి వరసగా పేరుస్తోంది. పెదాలు కదులుతున్నాయి... ఎవరితోనో నెమ్మదిగా మాట్లాడుతోంది.

"డెల్ఫీ... ఏం చేస్తున్నావ్ బంగారం?"

పిల్ల తలెత్తింది. బెదురు లేదు.

"నసరేనో పెట్టలేదుగా. రమీరో బాబాయి చెప్పాడు... పెట్టకపోతే ఆవిడ నసరేనోని పట్టుకుపోతుందని." ఇంకో సీసా తీసి వరసలో పెట్టింది. "గనేమో సగం నెల పట్టుకుపోతోంది. ఇంక ఆవిడ కూడా పట్టుకుపోతే... మాకేం మిగుల్తాడు?"

నసరేనో దిండుగలీబు దగ్గరికి లాక్కుని చూశాడు. చెత్తసంచిలోని సోడా సీసాలు! రాత్రుళ్ళు బల్లెక్కి, కుళాయి తిప్పి, పసిచేతులతో చీకట్లో నింపి, పక్క కింద దాచుకుని... ఇన్నాళ్ళూ తను దుప్పట్లో వణికింది ఈ గుప్పెడు పిల్లకా!

నవ్వొచ్చింది. నవ్వుతూనే ఏడ్చాడు. వెనకనుంచి పరిగెత్తుకొచ్చిన నొయేలియా ఇద్దర్నీ కలిపి వాటేసుకుంది. మొగుడు చెప్పిందంతా విని వీపు మీద ఒక్కటిచ్చింది. "తల్లి దగ్గరే అప్పెగ్గొడతావా బొండాం? సిగ్గులేదూ?" అని, కళ్ళు తుడుచుకుంది.

డెల్ఫినా చివరి రెండు సీసాలు అతని చేతుల్లో పెట్టింది. "ఇవి బండికి. అడిగాను, సరేనంది."

ఈసారి నసరేనో గూటి ముందు తల వంచాడు. నీళ్ళు పోశాక ఇంజను పిల్లిలా గుర్రుపెట్టింది. మలుపు వెనక్కి జారిపోయింది. గాలి కూడా పడిపోయింది. పిల్ల జీవితంలో మొదటిసారి వచ్చి అతని తొడ మీద తలపెట్టుకుంది.

"మళ్ళీ ఎప్పుడు బయల్దేరదాం?" అంది నొయేలియా, కిటికీలోంచి బయటికి చూస్తూ, ఏమీ ఎరగనట్టు.

అతనికి రెక్కలొచ్చినట్టైంది. పిల్ల జుట్టు నిమురుతూ అన్నాడు, "దొంగపిల్లా! సీసాలంటే సరే. మొదటి రాత్రి ఆ పై అలమరలోంచి గ్లాసెలా తీశావే? మీ అమ్మకే ఆ గడియ రాదు."

"నేను తియ్యలేదు." పిల్ల గొంతు నిద్రతో బరువెక్కింది. "మొదటి రాత్రి నేనసలు దిగలేదు. తెరలోంచి చూశానంతే. ఆవిడే తాగింది. ఒక్క గ్లాసు చాల్లేదని నా వైపు చూసింది. అందుకేగా మర్నాటి నుంచి నేను పట్టింది..."

నొయేలియా చెయ్యి అతని చేతిని వెతుక్కుంది.

పిల్ల కళ్ళు మూసుకునే, ఇంకా దగ్గరికి ముడుచుకుని అడిగింది.

"నువ్వూ లేచొచ్చి ఆవిడ పక్కనే నిలబడ్డావుగా... చూళ్ళేదా నాన్నా?"