మూడో వంతు ఉత్తరం

చంద్రనగరిలో జనం పొద్దున్నే కాఫీ తాగుతూ ఉత్తరాలు వింటారు. రాసే బాధ ఎవరికీ లేదు. మనోలేఖిని అనే పట్టీని నుదుటికి కట్టుకుంటే చాలు. మనసులోని మాటను అది తెలుగులో పేర్చి, మొదలుకీ ముగింపుకీ గుర్తులుగా పెట్టే ఎక్స్‌ఎంఎల్ ట్యాగుల మధ్య పొందిగ్గా కట్టి, హెచ్‌టీటీపీ దారిన అవతలి యంత్రానికి అందిస్తుంది. భూమ్మీద ఏనాడో పుట్టిన ఆ పాత పద్ధతులే ఇక్కడా దిక్కు.

ఆ యంత్రాల బాగోగులు చూసే ఇంజనీరు శాంభవి. ఆమె తమ్ముడు మురారి చంద్రుడి అవతలి వైపు గనిలో పనిచేస్తాడు. వాడి ఉత్తరాలన్నీ ఒకటే తీరు: "తిన్నావా అక్కా? అమ్మ మోకాలెలా ఉంది? నేను కులాసా." ఆమె "సంతోషం రా" అని పంపేసి తన పనిలో పడేది. అలాంటిది రెండు రోజులుగా వాడి ఉత్తరమే లేదు. గనికీ ఊరికీ మధ్య కబురందే దారి ఈ ఉత్తరాలొక్కటే.

"గనిలో యంత్రం పలుకుతోంది, మనుషులే పలకడం లేదు. ప్రోగ్రాంలో ఏమన్నా తేడా ఉందేమో చూడమ్మా," అన్నాడు పై అధికారి కోదండపాణి.

శాంభవి గని యంత్రాన్ని ఇక్కణ్ణుంచే నడిపి, ఊరికి ఇంగ్లీషు మాటలు పంపించి చూసింది. చక్కగా వచ్చాయి. మొదట్నుంచీ పరీక్షలన్నీ అలాగే చేశారు మరి! విసుగెత్తి తెలుగులో ఓ పేరా పంపించింది. మూడో వంతు దగ్గర తెగిపోయింది.

ప్రోగ్రాం తెరిచి చూసింది. హెచ్‌టీటీపీలో సరుకు కన్నా ముందు దాని పొడవు చెప్పాలి, అదీ యంత్రం కొలత అయిన బైట్లలో. గని ప్రోగ్రాం అక్షరాలు లెక్కపెట్టి చెబుతోంది. ఇంగ్లీషు అక్షరానికి ఒక బైటు, తెలుగు అక్షరానికి మూడు. చెప్పినంత పొడవు రాగానే ఇవతలి యంత్రం ఆపేస్తోంది.

ప్రోగ్రాంలో ఒక్క వరస మారిస్తే సరిపోయింది. గని యంత్రంలో దాచి ఉన్న మురారి ఆఖరి ఉత్తరాన్ని మళ్ళీ రప్పించింది. మనవాళ్ళ అలవాటు తెలిసిందేగా, కుశలప్రశ్నలన్నీ అయ్యాక, లేచి వెళ్ళబోతూ అసలు సంగతి చెబుతారు.

"...గాలిని ఆపే గోడ బీటలు వారిందక్కా. ఎన్నిసార్లు చెప్పాను? సాయం పంపించమంటే 'సంతోషం రా' అంటావేంటి? లోపలి గదిలోకి పోతున్నాం. అక్కడ పట్టీ పనిచెయ్యదు."

కోదండపాణి సహాయ వాహనాలను ఉరుకులు పరుగుల మీద పంపించాడు. శాంభవి తనకు ఉత్తరాలు వినిపించే యంత్రం మీద విరుచుకుపడింది.

"ముగింపు ట్యాగు లేని ఉత్తరాన్ని నోరు మూసుకుని ఎలా అందించావు?"

"నోరు మూసుకోలేదు శాంభవిగారూ. మధ్యలో తెగినట్టుంది, మిగతాది ఏమైందో కనుక్కోనా అని ప్రతిసారీ అడిగాను."

"ఎవర్ని?"

"అందర్నీ. మీరైతే 'చాల్లే, క్షేమమేగా' అన్నారు. ఊళ్ళో ఒక్కరు కూడా కనుక్కోమనలేదు."

ఆమెకు గుర్తుంది. కాఫీ చల్లారిపోతోందని అన్న మాట అది. ప్రోగ్రాంలో తప్పు దిద్దాను సరే, దీన్నెలా దిద్దేది దేవుడా అని కుమిలి కుమిలి ఏడ్చింది.

సాయంత్రానికి కబురొచ్చింది. గనిలో అందరూ ప్రాణాలతో ఉన్నారట. ఆ వెంటే మురారి ఉత్తరం. ఆమె కళ్ళు తుడుచుకుని, కాఫీ కప్పు పక్కకు నెట్టి, యంత్రం ముందు కూర్చుంది.

"బతికే ఉన్నాను," అని వినిపించి యంత్రం ఆగింది.

"మిగతాది ఏమైందో కనుక్కో," అంది శాంభవి.

"ఇంతేనండీ. ముగింపు ట్యాగు కూడా వచ్చింది."