ట్యాంకు మీద మంచుగీత

డెట్రాయిట్ పక్క నోవైలో రేణుకి ఉద్యోగం పోయిందట. ఈ మాట పక్కింటి నళినికి చెప్పింది వసంతలక్ష్మి గారు. కొడుకు దగ్గర ఆర్నెల్లు ఉండి పోదామని ఇండియా నుంచి వచ్చిన మనిషి. బయట మోకాలి లోతు మంచు, ఇంట్లో మాట్లాడే దిక్కు లేదు. కిటికీ పక్కన కుర్చీ వేసుకుని ఎదురింటి రాకపోకలు చూడటమే ఆవిడకు కాలక్షేపం.

"పొద్దున్నే ఫ్లాస్కు పట్టుకుని కారెక్కుతుందమ్మా. ఏ ఆఫీసుకీ పోదు. మా కోడలు నది ఒడ్డు రోడ్డులో డ్రైవ్ చేస్తూ చూసిందట, ఆయిల్ ట్యాంకుల ఎదురుగా కారాపుకుని వాటికేసే చూస్తూ కూచుందట. పాపం, ఉద్యోగం పోతే కొందరికి మతి అలాగే చలిస్తుంది."

నళిని ఊరుకునే రకం కాదు. మంగళవారం నాటికి ఆ కబురు పక్క ఊరు ట్రాయ్ దాకా పాకి, తిరిగి తిరిగి రేణు చెవిలోనే పడింది. రేణు లోలోపల సంతోషించింది. డిపార్ట్‌మెంట్ వాళ్లు నెల రోజులు కూర్చుని రాసిచ్చిన కవర్ స్టోరీ కన్నా వసంతలక్ష్మి గారు అల్లింది గట్టిగా ఉంది.

రేణు ప్రభుత్వపు రహస్య ఏజెంట్. ఆమె పనిచేసే విభాగానికి తలుపు మీద బోర్డు లేదు, ఫోన్ బుక్‌లో నంబరు లేదు. నరసరావుపేట పక్క పల్లెలో పుట్టి, గుంటూరులో చదివి, డెట్రాయిట్ మంచులో ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్న మనిషిని ఎవరు అనుమానిస్తారు? అనుమానించరు కాబట్టే ఆ ఉద్యోగం ఇచ్చారు.

ఆ రోజు మధ్యాహ్నం ట్రాయ్‌లో ఒక ఇండియన్ గ్రోసరీలో, ఫ్రోజెన్ కూరగాయల దగ్గర ఒక పెద్దాయన ట్రాలీ ఆపాడు. తల మీద మంకీ క్యాప్, చేతిలో కొత్తిమీర కట్ట.

"ములక్కాడలు ముదిరినట్టున్నాయే."

"ముదిరితేనే గుజ్జు ఎక్కువ" అంది రేణు.

పాస్‌వర్డ్ సరిపోయింది. పెద్దాయన పేరు రాజగోపాల్. డెబ్బైల్లో ఇంజనీరుగా వచ్చి, ప్రభుత్వంలో చేరి, ఎందరో రిటైరైపోయినా తాను మాత్రం రిటైర్ కాని మనిషి. రేణుకి చీఫ్.

"వారంగా ఆ ట్యాంకుల దగ్గర రాకపోకలు చూడమన్నారు. అసలు కేసేమిటి సార్?"

"ఆయిల్ సర్వే. ప్రతివారం జరిగేదే. రిఫైనరీలు, పైప్‌లైన్లు, ట్యాంక్ టెర్మినళ్లు, ఎవరి దగ్గర ఎంత సరుకుందో ప్రభుత్వానికి పంపాలి. ఎవరి లెక్క వాళ్లది, పక్కవాడికి చూపించం. అన్నీ కూడి, బుధవారం పదిన్నరకి మొత్తం లెక్క దేశానికంతటికీ ఒక్కసారే చెప్తాం."

"తెలుసు సార్. మా ఊళ్లో ఎవరి గాదెలో ఎంతుందో ఎవడూ పైకి చెప్పడు. చెప్పడు కాబట్టి షావుకారు చెప్పిందే రేటు."

"ఇక్కడా ఒక షావుకారు దిగాడు. విదేశీ ముఠా. డీజిల్ కొని సముద్రం మీద ఓడల్లో దాచిపెట్టారు." ఆయన గొంతు తగ్గించాడు. "నువ్వు చూస్తున్న రెడ్ క్రీక్ టెర్మినల్ ఉంది కదా. ఈ చుట్టుపక్కల డీజిల్ అంతా అక్కడి నుంచే. ట్యాంకులు నిండుగా ఉన్నాయని సర్వేలో రాశారు. అది అబద్ధమట. ముఠా వాళ్ల కంప్యూటర్లలో దూరి లెక్క పెంచిందట. ట్యాంకులు ఖాళీ అట."

"ఎవరు చెప్పారు?"

"మైనా."

మైనా అంటే స్మృతి. కాలిఫోర్నియా శాంటా క్లారాలో పుట్టి పెరిగిన పిల్ల. పైకి ముఠా ట్రేడింగ్ కంపెనీలో డేటా అనలిస్టు, లోపల రాజగోపాల్ మనిషి. ఏడాదిగా ఆమె పంపిన ఒక్క సమాచారం తప్పలేదు.

"టెర్మినల్‌కి ఫోన్ చేస్తే సరిపోదా?"

"వాళ్లూ ఆ స్క్రీన్ చూసే చెప్తారు. పైగా లోపల ఎవడు అమ్ముడుపోయాడో తెలీదు. మన కళ్లతో చూడాలి. అక్కడ వాషింగ్టన్‌లో రిపోర్ట్ విడుదల చేసే వేణుమాధవ్ వణికిపోతున్నాడు. రేపు పదీ ఇరవై అయిదుకల్లా ట్యాంకులు నిండుగా ఉన్నాయని నీ నోటి నుంచి మాట రాకపోతే రిపోర్ట్ ఆపేస్తాడట."

"ఆపితే?"

"డీజిల్ లేదు కాబట్టే ఆపారని మార్కెట్ అంటుంది. ఈ చలిలో మంచు తోసే ట్రక్కులు, స్కూలు బస్సులు, అంబులెన్సులు, అన్నిటికీ అదే కదా తిండి. ముఠా అడిగిందే రేటు. అదీ కాదమ్మా, ఒక్కసారి మన సర్వే మీద నమ్మకం పోయిందంటే ఇక ఏ కంపెనీ నిజం చెప్పదు. దేశం కళ్లకు గంతలు కట్టినట్టే."

ఆయన ట్రాలీలోంచి ఒక స్టీలు ఫ్లాస్కు తీసి ఆమె ట్రాలీలో పెట్టాడు. అడుగున థర్మల్ కెమెరా. ట్యాంకులో సరుకు ఉన్నంత మేర నారింజ రంగు, లేనంత మేర నీలం. బొమ్మ, రేపు ఆమెతో పాటు రాబోయే స్మృతి టాబ్లెట్‌లో కనిపిస్తుంది.

"కాఫీ కూడా పడుతుందా సార్?"

"సగం పడుతుంది. సగం కెమెరాకి వదిలెయ్."

బుధవారం పొద్దున రేణు కారు తలుపు మీద అన్నపూర్ణ హోమ్ ఫుడ్స్ అన్న అయస్కాంతపు బోర్డు అతికించింది. వెనక సీట్లో నాలుగు ఇడ్లీ పార్సిళ్లు. ఏ టెర్మినల్ ముందైనా టిఫిన్ బండి ఆగితే ఎవరూ కన్నెత్తి చూడరు.

స్మృతి మాత్రం కన్నెత్తి చూడకుండా ఉండలేని మనిషి. పాదాల దాకా తెల్లటి కోటు, ఎత్తు మడమల బూట్లు, దానిమ్మ గింజ రంగు లిప్‌స్టిక్. పక్క సీట్లో కూర్చుని పార్సిల్ వాసన చూసింది.

"ఆంటీ, ఈ ఇడ్లీ నువ్వే చేసావా? రియల్‌గా?"

"ఆంటీ అనకు. నీకూ నాకూ పదిహేనేళ్లే తేడా."

"అది చాలు కదా ఆంటీ."

రేణు నవ్వి కారు స్టార్ట్ చేసింది. రాత్రంతా ఆకాశం నిర్మలంగా ఉండి చలి గడ్డకట్టించింది. చెట్ల కొమ్మలకు, కంచె తీగలకు ఉప్పు చల్లినట్టు తెల్లగా మంచు పేరుకుంది. రెడ్ క్రీక్ చేరేసరికి పది దాటింది. కంచె అవతల ఆరు ట్యాంకులు, ఒక్కొక్కటి నాలుగంతస్తుల మేడంత. రేణు కారు ఆపి, ఇంజన్ నడుస్తుండగానే ఫ్లాస్కుని అడుగు ట్యాంకుల వైపు ఉండేలా డాష్‌బోర్డ్ మీద పడుకోబెట్టింది.

స్మృతి టాబ్లెట్ తిప్పి చూపించింది. ఆరు ట్యాంకులూ పైనుంచి కింద దాకా నీలం.

"ఎంప్టీ. చూసావు కదా. సార్‌కి చెప్పేయ్, రిపోర్ట్ ఆపేస్తారు."

రేణు ఫోన్ తీయబోయి ఆగింది. ఊరికే అద్దంలోంచి బయటికి చూసింది.

మొదటి ట్యాంకు పైభాగమంతా తెల్లగా మంచు పేరుకుని ఉంది. అది చుట్టూ గీత గీసినట్టు ఒకచోట ఆగిపోయింది. గీత కింద ఉక్కు నల్లగా, తడిగా, నున్నగా ఉంది. గీత ట్యాంకు నెత్తికి దగ్గరలో ఉంది. రెండోదానికీ అంతే. మూడోదానికి కొంచెం కిందుగా.

చిన్నప్పుడు రేణు వాళ్లింట్లో నీళ్ల కుండ మూత తీసి చూసేవాళ్లు కాదు. మట్టి కుండ బయట ఎంతవరకు చెమరిస్తే లోపల నీళ్లు అంతవరకు. చేత్తో తడిమి, బావికి పోవాలో అక్కర్లేదో అమ్మ చెప్పేసేది. ఉక్కు చెమర్చకపోవచ్చు. కానీ లోపల సరుకు ఉన్నచోట రాత్రి చలి అంత త్వరగా పట్టదు, మంచు నిలవదు. ఖాళీ ఉన్నచోటే పేరుకుంటుంది.

ట్యాంకులు నిండుగా ఉన్నాయి. టెర్మినల్ వాళ్లు నిజమే రాశారు.

మరి ఈ నీలం బొమ్మ?

రేణు కాఫీ పోసుకునేదానిలా ఫ్లాస్కు ఎత్తి, దాని అడుగు భాగాన్ని నేరుగా స్మృతి వైపు తిప్పి పట్టుకుంది. కెమెరా ముందు ఇప్పుడున్నది తెల్లకోటు, వెచ్చటి మనిషి. టాబ్లెట్‌లో మాత్రం ఆరు ట్యాంకులు, అదే నీలం.

ఎప్పుడో చేసిపెట్టుకున్న బొమ్మ.

స్మృతి ఫ్లాస్కు వంక చూసింది, టాబ్లెట్ వంక చూసింది. కోటు జేబులోంచి చిన్న పిస్టల్ బయటికి వచ్చింది.

"ఫోన్ ఇలా ఇవ్వు ఆంటీ."

రేణు ఇచ్చింది. "లెక్కల్లో ఎవరూ దూరలేదన్నమాట."

"దూరడం కష్టం. చాలా ట్రై చేసారు మావాళ్లు. భయపెట్టడం ఈజీ. దూరారని ఒక్క మాట చెప్తే చాలు, మీ గవర్నమెంట్ తన చేత్తో తనే ఆపేస్తుంది."

"సార్ నిన్ను కూతురిలా చూశారు."

"సార్ ఇచ్చే జీతం తెలుసా నీకు?" స్మృతి భుజాలెగరేసింది. "అయినా ఎవరు చదువుతారు ఆ రిపోర్ట్? నువ్వు చదువుతావా? మీ నోవైలో ఒక్కరు చదువుతారా?"

"ఊరి చెరువు తూము ఎవరు చూస్తారు? తెగినప్పుడే అందరూ చూస్తారు."

"సామెతలు చెప్పుకుంటూ కూర్చో. నాకు నీ మాట కూడా అక్కర్లేదు, నువ్వు సైలెంట్‌గా ఉంటే చాలు. టైమ్ అయిపోతే వాళ్లే ఆపేస్తారు."

ఆమె చెప్పింది నిజం. రేణు అరిచినా వినేవాళ్లు లేరు. గేటు దగ్గరి గార్డు అల్లంత దూరాన, అద్దాల గదిలో. తలుపు తీసి దూకుదామంటే పిస్టల్ పక్కటెముకలకు ఆనుతోంది. డాష్‌బోర్డ్ గడియారం పదీ ఇరవై నాలుగు చూపించింది.

ఫోన్ మోగింది.

స్మృతి చేతిలోని ఫోన్‌తో పాటు కారు స్పీకర్లు కూడా మోగాయి. స్మృతి కాల్ కట్ చేయడానికి ఫోన్ కిందికి వంచింది. ఆ లోపలే రేణు ఎడమ బొటనవేలు స్టీరింగ్ మీది పచ్చ బటన్ నొక్కింది.

"రేణూ" అంది కారు నిండా రాజగోపాల్ గొంతు. "లైన్‌లో వేణుమాధవ్ కూడా ఉన్నాడు. చెప్పమ్మా."

పిస్టల్ రేణు కణతకు ఆనింది. స్మృతి చేతిలోంచి ఫోన్ సీటు కిందికి జారింది, ఆమె తన పెదవుల మీద వేలు పెట్టింది.

రేణు ఆమె కళ్లలోకే చూస్తూ మామూలు గొంతుతో మాట్లాడింది.

"నిండుగా ఉన్నాయి సార్. లెక్క కరెక్ట్. రిపోర్ట్ వదలండి. మైనా వాళ్ల మనిషి, నా తలకి పిస్టల్ పెట్టింది." తర్వాత స్మృతితో అంది. "ఇక కాల్చుకో. చప్పుడు వాళ్లిద్దరికీ వినబడుతుంది. నేను చెప్పింది నిజమో కాదో అన్న ఆ కాస్త అనుమానం కూడా వేణుమాధవ్ గారికి ఉండదు."

స్మృతి వేలు ట్రిగ్గర్ మీద బిగిసింది, సడలింది, మళ్లీ బిగిసింది. ఆమె లెక్కలు బాగా వచ్చిన పిల్ల. కాల్చినా రిపోర్ట్ వెళ్తుంది, కాల్చకపోయినా వెళ్తుంది. కాలిస్తే హత్య కూడా.

"వేణూ, విన్నావా?" అన్నాడు రాజగోపాల్.

అటు వైపు కాగితాలు గబగబా తిరగేస్తున్న చప్పుడు.

"వేణూ, తలకి తుపాకీ ఆనించి ఉన్నా రేణు చెప్తోంది. నువ్వు కుర్చీలో కూర్చుని భయపడతావేమిటి?"

"వదులుతున్నాను సార్" అన్నాడు వేణుమాధవ్. "పదిన్నరకి వెళ్తుంది."

స్మృతి తలుపు తోసుకుని దూకింది. పిస్టల్ చేతిలోనే ఉంది కానీ ఎత్తు మడమలు గట్టిపడ్డ మంచు మీద ఒక్క అడుగు కూడా నిలవలేదు. రోడ్డు మలుపులో మంచు తోసే ట్రక్కు వెనక రాజగోపాల్ ముందు జాగ్రత్తగా నిలిపిన పోలీసు కారు వచ్చేసరికి ఆమె ఇంకా లేవడానికి ప్రయత్నిస్తూనే ఉంది. తెల్లకోటు నిండా బురద.

"బావుంది ఆంటీ" అంది, సంకెళ్లు పడుతుంటే. "కానీ మీవాళ్లు నెక్స్ట్ టైమ్ తప్పకుండా ఆపేస్తారు. నాకు తెలుసు వాళ్లు."

రేణు ఇడ్లీ పార్సిళ్లు పోలీసులకు ఇచ్చేసింది.

సరిగ్గా పదిన్నరకి రిపోర్ట్ వెళ్లింది. మిడ్‌వెస్ట్‌లో డీజిల్ నిల్వలు పుష్కలం. రేటు పెరుగుతుందని కాచుకు కూర్చున్న ముఠా పది నిమిషాల్లో నీరుగారిపోయింది. సముద్రం మీద ఓడలు సరుకు ఎవరికి అమ్మాలో తెలియక అక్కడక్కడే తిరిగాయి. టెర్మినల్‌కి పంపిన ఇన్‌స్పెక్టర్లు ట్యాంకుల నెత్తికెక్కి, టేపు దించి కొలిచి చూశారు. సర్వేలో రాసిన లెక్కకీ కొలతకీ తేడా లేదు.

సాయంత్రం వీడియో కాల్. ట్రాయ్‌లో రాజగోపాల్ ఇంటి డైనింగ్ టేబుల్ దగ్గర రేణు, ఆయన. స్క్రీన్ మీద వాషింగ్టన్ నుంచి వేణుమాధవ్, ఆయన వెనక టైలు కట్టుకున్న మరో నలుగురు.

"గుడ్ వర్క్" అన్నాడు వేణుమాధవ్. పొద్దుటి గొంతు కాదిది, కడిగి ఇస్త్రీ చేసిన గొంతు. "కానీ కెమెరా బొమ్మలో ట్యాంకులు ఖాళీగా కనిపించినప్పుడు కేవలం మంచు చూసి నిండుగా ఉన్నాయని చెప్పడం చాలా రిస్క్ రేణు గారూ. అదే తప్పయి ఉంటే?"

"తప్పు కాలేదుగా" అన్నాడు రాజగోపాల్.

"ఈసారి కాలేదు సార్. అందుకే ఇక్కడ మేమంతా ఒక ప్రోటోకాల్ అనుకున్నాం. ఇకపై ఏ టెర్మినల్ మీద, ఏ చిన్న అనుమానం వచ్చినా సరే, ఆ వారం రిపోర్ట్ ఆటోమేటిగ్గా ఆగిపోతుంది. సేఫ్ కదా. మీరేమంటారు?"

వెనక నలుగురూ తలలూపారు. రాజగోపాల్ రేణు వైపు చూశాడు.

"దొంగ పడ్డాడేమోనని మనమే దీపం ఆర్పేస్తే, వాడు ఇంక రావడం కూడా ఎందుకండీ?" అంది రేణు.